పంచుకున్న డిస్కు మీద తాళం ఫైలు

గిట్‌తో పనిచేసేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఒక సందేశం ఎదురవుతుంది. 'ఇండెక్స్.లాక్ అనే ఫైలు ముందే ఉంది, ఈ రిపోజిటరీలో మరో గిట్ ప్రాసెస్ నడుస్తున్నట్టుంది' అని దాని సారాంశం. చాలామంది ఆ ఫైలును చెరిపేసి తమ పని కానిస్తారు. నలుగురు ఒకే కోడ్ మీద ఒకరి పని ఒకరు పాడుచేసుకోకుండా రాయగలుగుతున్నారంటే అది ఇలాంటి ఫైళ్ల చలవే. ఈ పద్ధతికి దాదాపు యాభై ఏళ్ల చరిత్ర ఉంది. అందులో అది ఎక్కువ కష్టాలు పడింది నెట్‌వర్క్ మీద పంచుకున్న డిస్కుల దగ్గరే.

1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రాచ్‌కైండ్ ఎస్‌సీసీఎస్ అనే వ్యవస్థను తయారుచేశాడు. ఒక ఫైలు ఎన్నిసార్లు మారినా ప్రతి రూపాన్నీ దాచిపెట్టి, అడిగినప్పుడు అడిగినది తీసి ఇవ్వడం దాని పని. చరిత్ర అంతా ఎస్ అక్షరంతో మొదలయ్యే ఒక ఫైలులో ఉండేది. దాన్ని మార్చబోయే ప్రోగ్రామ్ ముందుగా పక్కనే జెడ్‌తో మొదలయ్యే చిన్న ఫైలును సృష్టించి అందులో తన ప్రాసెస్ నంబరు రాసేది. రెండోవాడు వచ్చి చూస్తే జెడ్ ఫైలు కనిపించేది, ఆగిపోయేవాడు. 1982లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో వాల్టర్ టిషీ రాసిన ఆర్‌సీఎస్ కూడా అదే దారిలో నడిచింది. యంత్రం ఒక్కటే, దానికి ఎన్ని టెర్మినళ్లున్నా కెర్నెల్ ఒక్కటే. ఇద్దరు ఒకే క్షణంలో ఒకే పేరుతో ఫైలు సృష్టించబోతే ఒకరికి అవునని, మరొకరికి కాదని తేల్చేది ఆ ఒక్క కెర్నెలే. కాబట్టి తగాదా లేదు.

1984లో సన్ మైక్రోసిస్టమ్స్ ఎన్‌ఎఫ్‌ఎస్ తయారుచేసింది. మరుసటి ఏడాది వేసవిలో రస్టీ శాండ్‌బర్గ్, ఆయన సహచరులు యూజ్‌నిక్స్ సమావేశంలో దాని నిర్మాణాన్ని వివరించారు. ఎక్కడో సర్వర్‌లో ఉన్న డిస్కు ప్రతి ఉద్యోగి వర్క్‌స్టేషన్‌లోనూ సొంత డైరెక్టరీలాగే కనిపించడం అప్పటికి గొప్ప సౌకర్యం. రిపోజిటరీని ఆ డిస్కులో పెడితే చాలు, ఆఫీసంతా పంచుకోవచ్చు. ప్రత్యేకంగా ఇంకో సర్వర్ ప్రోగ్రామ్ అక్కర్లేదు. అందరూ చేసింది అదే.

అప్పటి ఎన్‌ఎఫ్‌ఎస్ బలమంతా ఒకే నిర్ణయంలో ఉండేది. ఎవరు ఏ ఫైలు తెరిచారో సర్వర్ గుర్తుపెట్టుకునేది కాదు. ప్రతి అభ్యర్థనా దానంతటదే పూర్తిగా ఉండేది: ఫలానా ఫైలులో ఫలానా చోటు నుంచి ఇన్ని బైట్లు ఇవ్వు, అని. సర్వర్ పడిపోయి మళ్లీ లేచినా క్లయింట్ అదే అభ్యర్థనను జవాబు వచ్చేదాకా పంపుతూ ఉండేది. అప్పట్లో నెట్‌వర్కులు తరచు పడిపోయేవి కాబట్టి ఇది చాలా తెలివైన ఏర్పాటు. చదవడాన్ని ఎన్నిసార్లు మళ్లీ చేసినా నష్టం లేదు. ఒకే చోట ఒకే బైట్లను రెండుసార్లు రాసినా నష్టం లేదు. కొత్త ఫైలు సృష్టించడం, కొత్త డైరెక్టరీ సృష్టించడం, పేరు మార్చడం మాత్రం అలాంటివి కావు. యూపీఐలో డబ్బు పంపాక తెర మీద చక్రం తిరుగుతూ ఆగిపోతే మనకు వచ్చే సందేహమే ఇక్కడ క్లయింట్‌కూ వస్తుంది. అభ్యర్థన చేరలేదా, చేరి పని జరిగాక జవాబు దారిలో పోయిందా? తెలుసుకునే దారి లేదు. మళ్లీ పంపితే సర్వర్ 'ఆ పేరుతో ఫైలు ఇప్పటికే ఉంది' అంటుంది. ఆ ఫైలును సృష్టించింది తానే అయినా సరే!

దీనికంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. యునిక్స్‌లో తాళం ఫైలును సృష్టించడానికి ఓ_ఎక్స్‌క్ల్ అనే ఆప్షన్ ఉంది. ఫైలు లేకపోతేనే సృష్టించు, ఉంటే విఫలమవ్వు, ఈ రెండూ ఒకే అడుగులో జరగాలి అని దాని అర్థం. ఎన్‌ఎఫ్‌ఎస్ రెండో వెర్షన్‌లో ఆ మాటను సర్వర్‌కు చెప్పే మార్గమే లేదు. క్లయింట్ ముందు ఫైలు ఉందా అని అడిగి, లేదంటే సృష్టించమని చెప్పేది. ఆ రెండు అభ్యర్థనల మధ్య మిల్లీసెకన్ల ఖాళీలో మరో యంత్రం అదే పని చేస్తే, ఇద్దరికీ తాళం దొరికినట్టే ఉంటుంది. ఇద్దరూ ఒకే చరిత్ర ఫైలులో రాస్తారు.

దీన్ని దాటడానికి ప్రోగ్రామర్లు కనిపెట్టిన ఉపాయం నాకు చాలా ఇష్టం. అది ఇప్పటికీ లినక్స్ మాన్యువల్‌లో ఓపెన్ అనే సిస్టమ్ కాల్ వివరణలో ఉంది. తాళం ఫైలును నేరుగా సృష్టించరు. ముందు యంత్రం పేరు, ప్రాసెస్ నంబరు కలిపి, లోకంలో ఇంకెవరూ పెట్టని పేరుతో ఒక ఫైలు సృష్టిస్తారు. తర్వాత లింక్ అనే కాల్‌తో ఆ ఫైలుకే తాళం పేరును రెండో పేరుగా తగిలిస్తారు. విజయమని జవాబొస్తే తాళం మనది. విఫలమని వస్తే దాన్ని వెంటనే నమ్మరు. తమ ఫైలు వివరాలు తీసి, దానికి ఎన్ని పేర్లున్నాయో చూస్తారు. లెక్క 2 అయితే లింక్ జరిగినట్టే, జవాబు మాత్రమే దారిలో పోయింది. 1 అయితే తాళం నిజంగా ఇంకొకరిది. జవాబును నమ్మకుండా డిస్కు మీదున్న స్థితిని చూసి తేల్చుకోవడమే ఇందులోని కిటుకు.

అదే కాలంలో ఆమ్‌స్టర్‌డామ్‌లోని వ్రెయె విశ్వవిద్యాలయంలో డిక్ గ్రూనే తన విద్యార్థులతో కలిసి పనిచేయడానికి షెల్ స్క్రిప్టులుగా రాసుకున్న సీవీఎస్, 1986లో లోకానికి తెలిసింది. 1989లో బ్రయాన్ బెర్లినర్ దాన్ని సీ భాషలో తిరగరాశాడు. సీవీఎస్ తాళానికి ఫైలును కాకుండా డైరెక్టరీని వాడింది. డైరెక్టరీని సృష్టించమని అడిగితే సర్వర్ దాన్ని ఒకే అడుగులో చేస్తుంది. జవాబు పోతే తనకు తాళం దొరకలేదని క్లయింట్ అనుకోవచ్చు గానీ, ఇద్దరికి దొరకడం జరగదు. పొరపాటు జరిగినా ఆగిపోయే వైపుకే జరుగుతుంది. ఫలానా వ్యక్తి లాక్ కోసం ఎదురుచూస్తున్నానని తెర మీద రాసి, సీవీఎస్ ముప్పై సెకన్లకోసారి మళ్లీ ప్రయత్నించేది. తాళం వేసినవాడి యంత్రం మధ్యలో ఆగిపోతే ఆ డైరెక్టరీని ఎవరో ఒకరు చేత్తో తీసేయాల్సి వచ్చేది.

విండోస్ వైపు కథ ఇంతకన్నా బాధాకరం. వన్ ట్రీ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన సోర్స్‌సేఫ్‌ను 1994లో మైక్రోసాఫ్ట్ కొన్నది. దానికి సర్వర్ ప్రోగ్రామ్ ఉండేది కాదు. డేటాబేస్ అంటే షేర్డ్ ఫోల్డర్‌లో ఉన్న కొన్ని ఫైళ్లే. ప్రతి ప్రోగ్రామర్ కంప్యూటరూ నెట్‌వర్క్ మీదుగా వాటిని నేరుగా చదివి, నేరుగా రాసేది. రాత మధ్యలో ఒక కంప్యూటర్ ఆగిపోయినా, కేబుల్ ఊడినా ఆ ఫైలు సగంలో ఉండిపోయేది. చెడిన భాగాలను వెతికి సరిచేయడానికి మైక్రోసాఫ్టే అనలైజ్ అనే పరికరాన్ని ఇచ్చింది. మీ చరిత్రను మీరే అప్పుడప్పుడు మరమ్మతు చేసుకోండని చెప్పాల్సి రావడం చరిత్రను దాచే సాధనానికి తగదు.

సబ్‌వెర్షన్ రచయితలకు ఇది బాగా తెలుసు. 2004 ఫిబ్రవరిలో వచ్చిన 1.0 వెర్షన్ చరిత్రను బర్క్‌లీ డీబీలో దాచేది. పలు ప్రాసెస్‌లు ఒకే మెమరీని పంచుకుంటాయని నమ్మే డేటాబేస్ అది. రెండు వేర్వేరు యంత్రాలకు ఉమ్మడి మెమరీ ఎక్కడిది? నెట్‌వర్క్ డిస్కులో పెట్టవద్దని స్పష్టంగా చెప్పారు. అదే ఏడాది 1.1తో ఎఫ్‌ఎస్‌ఎఫ్‌ఎస్ వచ్చింది. ఒక్కో కమిట్‌కు ఒక్కో ఫైలు, ఒకసారి రాశాక మళ్లీ ముట్టుకోరు. ఇలా అయితే పంచుకున్న డిస్కులోనూ ఉండొచ్చు.

2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ గిట్ రాయడం మొదలుపెట్టినప్పుడు ఈ ఆలోచన చివరిదాకా వెళ్లింది. గిట్‌లో ప్రతి వస్తువుకూ పేరు దాని లోపలి విషయం నుంచే లెక్కగట్టి పెడతారు. విషయం మారితే పేరు మారుతుంది, కాబట్టి ఆ పేరుతో ఉన్న ఫైలు ఎన్నటికీ మారదు. క్యాష్‌లో పాత కాపీ ఉన్నా అది తప్పు కాదు. మారేవి బ్రాంచి పేర్లే. బ్రాంచి అంటే ఒక చిన్న ఫైలు: 40 అక్షరాల హాష్, చివర కొత్త వరుస గుర్తు, మొత్తం 41 బైట్లు. ఎంత పెద్ద రిపోజిటరీలోనైనా ఇద్దరి మధ్య పోటీ ఆ 41 బైట్ల దగ్గరే. వాటిని మార్చాలంటే పక్కన .లాక్ చేర్చిన పేరుతో ఓ_ఎక్స్‌క్ల్ పెట్టి ఫైలు సృష్టించి, అందులో కొత్త విలువ రాసి, దాని పేరును అసలు పేరుగా మార్చేస్తారు. చదివేవాడికి పాతదో కొత్తదో కనిపిస్తుంది గానీ, సగం సగం ఎప్పుడూ కనిపించదు.

ఎన్‌ఎఫ్‌ఎస్ కూడా అప్పటికి మారింది. 1995లో ప్రచురించిన మూడో వెర్షన్‌లో ఓ_ఎక్స్‌క్ల్‌కు చోటు దొరికింది. క్లయింట్ సృష్టించమని అడుగుతూ తనకు మాత్రమే తెలిసిన 8 బైట్ల గుర్తును పంపుతుంది, సర్వర్ దాన్ని ఫైలుతోపాటు భద్రం చేస్తుంది. అదే గుర్తుతో మళ్లీ అడిగితే 'ఉంది' అనకుండా 'సరే' అంటుంది. లినక్స్ క్లయింట్‌లో ఇది కెర్నెల్ 2.6 నుంచి పనిచేస్తోంది.

ఇక్కడితో సమస్య తీరలేదు. వేగం సంగతే చూడండి. గిట్ స్టేటస్ కొట్టగానే ప్రతి ఫైలు వివరాలూ అడిగి చూస్తుంది. లినక్స్ కెర్నెల్ కోడ్‌లో 70 వేలకు పైగా ఫైళ్లున్నాయి. ఒక్కో జవాబుకు అర మిల్లీసెకను పట్టినా, ఒకదాని తర్వాత ఒకటిగా అడిగితే 35 సెకన్లు. అందుకే 2008లో టోర్వాల్డ్స్ ప్రీలోడ్ ఇండెక్స్ అనే సదుపాయం చేర్చాడు. అది గరిష్ఠంగా 20 థ్రెడ్లతో ఒకేసారి అడుగుతుంది. ముఖ్యంగా ఎన్‌ఎఫ్‌ఎస్ లాంటి ఫైల్ సిస్టమ్‌ల మీద ఇది పనికొస్తుందని గిట్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది.

రెండోది క్యాష్. లినక్స్ క్లయింట్ మామూలుగా ఫైలు వివరాలను కనీసం 3 సెకన్లు, డైరెక్టరీ వివరాలను 30 సెకన్లు తన దగ్గరే దాచుకుంటుంది. వస్తువులు మారవు గానీ గిట్ వాటిని అప్పుడప్పుడు సర్ది, ప్యాక్ చేసి, పాతవి తొలగిస్తుంది. సొంత డిస్కులో అయితే తెరిచి ఉన్న ఫైలును ఇంకొకరు తొలగించినా చదివేవాడికి అడ్డు రాదు. ఎన్‌ఎఫ్‌ఎస్‌లో మరో యంత్రం తొలగిస్తే సర్వర్‌లో అది నిజంగానే పోతుంది. చదివేవాడికి 'స్టేల్ ఫైల్ హ్యాండిల్' అని వస్తుంది.

2018 సెప్టెంబరులో గిట్‌ల్యాబ్ ఇంజినీర్లకు ఈ సందేశమే తలనొప్పి తెచ్చింది. ఒక కస్టమర్ సంస్థలో కొన్ని రిపోజిటరీలను క్లోన్ చేయబోతే స్టేల్ ఫైల్ ఎర్రర్ వచ్చేది, చాలాసేపు పోయేది కాదు. అడ్మిన్ ఆ డైరెక్టరీలోకి వెళ్లి ఎల్‌ఎస్ అని కొడితే చాలు, బాగయ్యేది! వెతికితే దోషి ప్యాక్డ్-రెఫ్స్ అనే ఒక్క ఫైలని తేలింది. ఒక యంత్రంలో గిట్ సర్దుబాటు నడుస్తూ కొత్త ప్యాక్డ్-రెఫ్స్ రాసి పాతదాని స్థానంలో పెడుతుంది. దాన్ని తెరిచి ఉంచిన మరో యంత్రం పాతదాన్నే పట్టుకుని వేలాడుతుంది. డైరెక్టరీని మళ్లీ చదివిస్తే గానీ దానికి అసలు సంగతి తెలియదు. రెండు వారాలు వెతికాక లోపం గిట్‌లో లేదని, లినక్స్ కెర్నెల్‌లోని ఎన్‌ఎఫ్‌ఎస్ భాగంలో ఉందని నిర్ధారణ అయింది. గిట్ రచయితలు నియమాలన్నీ పాటించారు. కింది పొరే మాట తప్పింది. పంచుకున్న డిస్కు మీద రిపోజిటరీలు నడపడానికి నేను భయపడేది ఇందుకే. తప్పు మన చేతిలో లేని చోట జరుగుతుంది, కనిపించేది మాత్రం మన రిపోజిటరీలో.

పెద్ద సంస్థలు ఒక్కొక్కటే డిస్కును పంచుకోవడం మానుకున్నాయి. గిట్‌హబ్ మొదట్లో పంచుకునే ఫైల్ సిస్టమ్ మీద నడిచి, 2009లో దాన్ని వదిలేసింది. 2016లో ప్రతి రిపోజిటరీనీ మూడు వేర్వేరు సర్వర్ల సొంత డిస్కుల్లో ఉంచే ఏర్పాటు ప్రకటించింది. గిట్‌ల్యాబ్ గిటలీ అనే సేవ రాసుకుంది. వెబ్ సర్వర్లు ఇక ఫైళ్లను తెరవవు, ఫలానా కమిట్ ఇవ్వమని గిటలీని అడుగుతాయి. గిటలీ తన సొంత డిస్కులోనే గిట్ నడిపి జవాబిస్తుంది. వేల చిన్న అభ్యర్థనలు నెట్‌వర్క్ మీద తిరగాల్సిన చోట ఒక ప్రశ్న, ఒక జవాబు. తాళం తీర్పు మళ్లీ ఒకే కెర్నెల్ చేతికి వచ్చింది, ఎస్‌సీసీఎస్ కాలంలో లాగే.

విశ్వవిద్యాలయాల కంప్యూటింగ్ క్లస్టర్లలో మాత్రం హోమ్ డైరెక్టరీలు ఇప్పటికీ ఎక్కువగా నెట్‌వర్క్ డిస్కుల్లోనే ఉంటాయి. ఒక మనిషి, ఒక యంత్రం నుంచి వాడుకుంటే ఇబ్బంది ఉండదు. వంద నోడ్ల మీద నడిచే జాబులన్నీ ఒకే వర్కింగ్ డైరెక్టరీలో గిట్ ఆదేశాలు ఇస్తేనే తాళం దగ్గర తోపులాట మొదలవుతుంది. అలాంటప్పుడు ఒక్కో జాబు తన నోడ్ సొంత డిస్కులోకి క్లోన్ చేసుకోవడమే మేలు.

2024 ఏప్రిల్‌లో వచ్చిన గిట్ 2.45, బ్రాంచి పేర్లను దాచడానికి రెఫ్‌టేబుల్ అనే కొత్త పద్ధతిని తెచ్చింది. గూగుల్‌లో షాన్ పియర్స్ రూపకల్పన ఇది. బ్రాంచికొక ఫైలు చొప్పున ఉండే వేల 41 బైట్ల ఫైళ్ల స్థానంలో కుదించిన పట్టికలు వస్తాయి. ఏ పట్టికలు ప్రస్తుతం చెల్లుతాయో టేబుల్స్.లిస్ట్ అనే ఫైలు చెబుతుంది. దాన్ని మార్చాలంటే ఇప్పటికీ ముందు టేబుల్స్.లిస్ట్.లాక్ సృష్టించాలి, అందులో కొత్త జాబితా రాయాలి, పేరు మార్చాలి.