రూటు బండిలో టాపెట్ చప్పుడు: హైడ్రాలిక్ లిఫ్టరు మార్చే ముందు, మార్చేటప్పుడు

సంఘం లెక్కల్లో బండి మరమ్మతు పద్దు చూడడానికి చిన్నదే. కాని బండి దారిలో ఆగిన రోజున పోయేది ఆ పద్దులోని రూపాయలు కావు, పాలు. నాగాయలంక, కోడూరు వైపు నుండి తెల్లవారి బయలుదేరిన బండిలో 40 లీటర్ల క్యాను ఒక్కొక్కటి ఎన్నో ఇళ్ళ పాడి. అప్పుడే పిండిన పాలకు సహజంగా వుండే రక్షణశక్తి మన ఎండల వేడిలో సుమారు రెండు గంటలకు మించి నిలవదు. అది తీరిన తరువాత సూక్ష్మజీవులు అరగంటకో మారు రెట్టింపు కాగలవు. ఆమ్లత్వం హెచ్చి, కేంద్రంలో మరగబెట్టి చూసే పరీక్షలో పాలు విరుగుతాయి. విరిగిన పాలకు పూర్తి ధర రాదు. 4 డిగ్రీల సెంటీగ్రేడుకు చల్లబరిచే బల్క్ కూలర్లు వచ్చిన చోట ఈ బాధ తగ్గింది గాని, కూలరు దాకా పాలు చేర్చే చిన్న బండి ఆగితే కూలరు వుండీ ప్రయోజనం లేదు.

ఇట్టి బండ్ల మరమ్మతు వోచర్లలో తరచుగా కనిపించే మాట ఒకటున్నది: 'టాపెట్లు మార్పించినాము.' ఎన్ని మార్చారో, ఎందుకు మార్చారో వుండదు. ఇంజన్ పైభాగాన టకటకమని చప్పుడు రావడం, మేస్త్రీ విని టాపెట్లు పోయాయనడం, సెట్టు మొత్తం కొనడం జరిగిపోతుంది. చప్పుడు నిజంగా లిఫ్టరుదేనా, లిఫ్టరుదే అయితే అది ఎందుకు చెడింది అన్న రెండు ప్రశ్నలు ఎవరూ అడగరు. పాలకవర్గ సభ్యులు, కార్యదర్శులు ఆ ప్రశ్నలు అడగగలిగేందుకే ఈ వ్యాసం. మీరు స్పానర్ పట్టనక్కరలేదు.

ఇంజన్‌లోకి గాలి రావడానికి, కాలిన పొగ పోవడానికి ప్రతి సిలిండరుకు వాల్వులు వుంటాయి. క్యామ్ షాఫ్టు మీది గుబ్బ తిరుగుతూ టాపెట్‌ను లేపుతుంది. టాపెట్ పుష్‌రాడ్‌ను, అది రాకర్‌ను కదిపితే వాల్వు తెరుచుకుంటుంది. ఇంజన్ వేడెక్కితే ఇనుము సాగుతుంది గనుక వీటి మధ్య ఎక్కడో ఒకచోట కొంచెం సందు వదలాలి. సాధారణంగా అది 0.20 నుండి 0.40 మిల్లీమీటర్ల లోపు, అంటే నాలుగైదు తలవెంట్రుకల మందం. సందు ఎక్కువైతే చప్పుడు, శక్తి తగ్గుదల. అసలు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోక అంచు కాలిపోతుంది. చప్పుడు చేసే టాపెట్ కంటె చప్పుడు లేని బిగుతు టాపెట్టే ప్రమాదమని పాత మేస్త్రీలు చెప్పే మాటలో నిజమున్నది.

మన ప్రాంతంలో దశాబ్దాలుగా తిరుగుతున్న లారీలలో, టాటా 407 వంటి మినీ లారీల పాత ఇంజన్లలో వున్నవి గట్టి టాపెట్లే. వాటికి చప్పుడు వస్తే మార్చవలసిన పని బహు తక్కువ. ఇంజన్ చల్లగా వున్నప్పుడో, వేడిగా వున్నప్పుడో మాన్యువల్ చెప్పిన ప్రకారం ఫీలర్ గేజి పెట్టి సందు సరిచేస్తే చాలు. ఆ పనికి కూలీ తప్ప సామాను ఖర్చు వుండదు. అటువంటి బండికి 'హైడ్రాలిక్ లిఫ్టర్ల సెట్టు' అని బిల్లు వచ్చినట్లయితే ఆ బిల్లు అక్కడే ఆపాలి.

కొత్త తరం తేలికపాటి బండ్లలో కొన్నింటికి హైడ్రాలిక్ లిఫ్టర్లు వుంటాయి. 1930లో అమెరికాలో కాడిలాక్ కంపెనీ 16 సిలిండర్ల కారులో వాల్వుల చప్పుడు లేకుండా చేయడానికి నూనె పీడనంతో పనిచేసే ఏర్పాటు పెట్టింది. ఖరీదైన కార్లలో మొదలైన ఆ సూత్రమే ఇప్పుడు సరుకుల బండ్ల దాకా వచ్చింది. మీ బండికి ఏది వున్నదో మాన్యువల్‌లో చూడవచ్చు. టాపెట్ సందు అంకెలు ఇచ్చి, ఇన్ని కిలోమీటర్లకొకసారి సరిచేయమని రాసి వుంటే గట్టి టాపెట్లు.

హైడ్రాలిక్ లిఫ్టరు ఎట్లా పనిచేస్తుందో రైతుకు చెప్పడం సులభం. కాలువ మీద ఆయిలింజన్ పెట్టి నీరు తోడేవారికి ఫుట్ వాల్వు తెలుసు. నీరు పైకి రానిస్తుంది, కిందికి పోనివ్వదు. లిఫ్టరులో కూడా అంతే. చిన్న ఉక్కు గిన్నె, దానిలో ప్లంజరు, ప్లంజరు కింద స్ప్రింగు, గోలీ వంటి చిన్న బాల్ వాల్వు. ఇంజన్ ఆయిల్ పంపు నుండి పక్క రంధ్రం గుండా నూనె లోపలికి వస్తుంది. గుబ్బ పైకి లేపినప్పుడు బాల్ దారి మూసేస్తుంది. నూనె నలగదు గనుక లిఫ్టరు గట్టి టాపెట్ లాగే వాల్వును నెడుతుంది. గుబ్బ దిగిపోగానే స్ప్రింగు ప్లంజరును లేపి సందు పూడుస్తుంది, తరిగిన నూనె మళ్ళీ నిండుతుంది. నిదానపు పరుగులో ఇంజన్ నిమిషానికి 800 సార్లు తిరిగితే ఒక్కొక్క లిఫ్టరు ఈ పని 400 సార్లు చేస్తుంది. ప్లంజరుకు, గిన్నెకు మధ్య వుండే సందు మిల్లీమీటరులో వెయ్యో వంతులు కొన్ని మాత్రమే. ఫుట్ వాల్వులో పుల్ల ఇరుక్కుంటే పంపు ప్రైమింగ్ ఎట్లా పోతుందో, ఇక్కడ కంటికి కనబడని మసి నలుసు చేరినా అట్లాగే నూనె నిలవదు. అప్పుడే చప్పుడు.

అందుచేత హైడ్రాలిక్ లిఫ్టరు చప్పుడంటే ముందు నూనె సంగతి చూడాలి. పాల రూట్ల నడక నూనెకు బహు చెరుపు. గుడివాడ నుండి గుడ్లవల్లేరు, పెడన మీదుగా మచిలీపట్నం పోయే లారీ ఒకసారి వేడెక్కి సమంగా నడుస్తుంది. పాల బండి అట్లా కాదు. కిలోమీటరుకో ఆగుడు, క్యాన్లు ఎక్కించేంత సేపూ ఇంజన్ నడుస్తూనే వుంటుంది. ఇంజన్ సరిగా వేడెక్కదు, మసి నూనెలో చేరుతుంది, కాలని డీజిల్ కొంత సంపులోకి దిగి నూనెను పలుచన చేస్తుంది, లోపలి తేమ ఆవిరైపోదు. కిలోమీటర్ల లెక్కన నూనె మార్చే గడువు రాలేదనిపిస్తుంది. ఇంజన్ నడిచిన గంటల లెక్కన గడువు ఎప్పుడో దాటిపోయి వుంటుంది. కష్టమైన వాడకానికి గడువు తగ్గించమని మాన్యువళ్ళలో రాసే వాక్యం మన రూట్లకే వర్తిస్తుందని నా అభిప్రాయం.

డిప్‌స్టిక్ తీసి చూడడానికి డబ్బు ఖర్చు కాదు. మట్టం తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది. 'ఎక్కువుంటే మంచిదే' అని గుర్తు దాటి పోసినా క్రాంకు షాఫ్టు నూనెను చిలికి నురగ చేస్తుంది. నురగ నలుగుతుంది గనుక లిఫ్టరు మెత్తబడి చప్పుడు చేస్తుంది. నూనె రకం కూడా మాన్యువల్ చెప్పినదే వాడాలి. 2020 ఏప్రిల్ 1 నుండి వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగను వడకట్టే ఫిల్టరు వున్నవాటికి బూడిద తక్కువ మిగిల్చే నూనె కావాలి. పాత లారీ డబ్బాలో మిగిలినది కదా అని పోస్తే లిఫ్టరుతో పాటు ఆ ఫిల్టరు కూడా చెడుతుంది. నూనె మజ్జిగలా తెల్లబారి కనిపిస్తే నీరు చేరినట్లు. 2009 అక్టోబరులో, 2024 సెప్టెంబరులో కృష్ణకు వరద వచ్చినప్పటి మాదిరిగా నీటిలో నిలబడిన బండిని డిప్‌స్టిక్ చూడకుండా స్టార్టు చేయకూడదు. ఇంజన్‌లోకి నీరు పోయివుంటే లిఫ్టర్లు కాదు, కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి.

చప్పుడు వినడంలోనూ తేడాలున్నవి. రాత్రంతా నిలిపిన బండి ఉదయం కొద్ది సెకన్లు టకటకమని ఆగిపోతే, లిఫ్టర్లలోంచి దిగిన నూనె మళ్ళీ నిండుతున్నదని అర్థం. దానికి వైద్యం అక్కరలేదు. రోజురోజుకూ ఆ సమయం పెరుగుతుంటే నూనె, ఫిల్టరు చూడాలి. నాసిరకం ఫిల్టరులో నూనెను వెనక్కి పోనివ్వని రబ్బరు పొర సరిగా వుండదు. వేడెక్కిన తరువాత కూడా ఒకేచోట నుండి ఎడతెగక వస్తున్నదంటే అప్పుడు లిఫ్టరు మీద అనుమానపడవచ్చు. మేస్త్రీలు పొడుగాటి ఉక్కు కడ్డీ ఒక కొన రాకర్ కవరు మీద, రెండవ కొన చెవి దగ్గర పెట్టి స్థలం పోల్చుకుంటారు. ఫ్యాను, బెల్టుల దగ్గర చొక్కా అంచులు, తువ్వాళ్ళు జాగ్రత్త.

డీజిల్ ఇంజన్‌లో ఇంజెక్టరు చప్పుడు కూడా టాపెట్ లాగే వినిపిస్తుంది. పాత పంపు ఇంజన్లలో ఒక్కొక్క ఇంజెక్టరు పైపు నట్టు కాస్త వదులు చేసి, చప్పుడు మారితే ఆ సిలిండరు మంటదని, మారకపోతే టాపెట్‌దని తేల్చేవారు. కామన్ రైల్ బండ్లలో ఈ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయనివ్వకండి. అందులో డీజిల్ పీడనం వెయ్యి బార్లు దాటుతుంది. సూది వంటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న పోటులా కనిపించినా చేయి తీసివేయవలసి రావచ్చు. ఆ ఇంజన్లకు స్కానరుతో పరీక్ష చేయించాలి.

దివిసీమలో ఒక సంఘం అద్దె బండికి రెండు నెలల్లో రెండు వోచర్లు చూశాను. మొదటిదానిలో ఎనిమిది లిఫ్టర్లూ మార్చారు. పది రోజులకు చప్పుడు మళ్ళీ మొదలైంది. రెండవసారి వేరే షెడ్డులో సంపు దించితే నూనె పీల్చే జల్లెడ సగానికి పైగా మడ్డితో పూడివున్నది. జల్లెడ కడిగి, నూనె, ఫిల్టరు మార్చితే చప్పుడు పోయింది. తీసేసిన పాత లిఫ్టర్లలో మంచివి ఎన్నో ఇప్పుడు చెప్పేవారు లేరు, వాటిని ఎవరూ తిరిగి అడగలేదు. లిఫ్టర్ల మీద చేయి వేసేముందు గేజి పెట్టి నూనె పీడనం కొలిపించి వుంటే మొదటి వోచరు అవసరమే వుండేది కాదు.

ఇవన్నీ సరిగావుండి లిఫ్టరే చెడిందని తేలితే మార్చక తప్పదు. పుష్‌రాడ్లు వున్న ఇంజన్‌లో రాకర్ కవరు తీసి, రాకర్ షాఫ్టు బోల్టులు ఒక్కొక్కటి కొద్దికొద్దిగా సమంగా వదులు చేసి, పుష్‌రాడ్లు పైకి తీస్తారు. అట్టముక్కకు వరుసగా రంధ్రాలు చేసి, అంకెలు వేసి ఏ రాడ్ ఏ స్థానానిదో అందులో గుచ్చాలి. లిఫ్టర్లు కూడా అదే వరుసలో పెట్టాలి. వాడిన లిఫ్టరు తన గుబ్బతో కలిసి అరిగి వుంటుంది గనుక దానిని ఇంకొక గుబ్బ మీద పెట్టరాదు. లోపలి ప్లంజర్లు కూడా ఒకదానివి ఒకదానికి కలపరాదు. కొన్ని ఇంజన్లలో లిఫ్టరు పై నుండి అయస్కాంతంతో వస్తుంది, కొన్నింటిలో హెడ్ దించాలి. క్యామ్ షాఫ్టు పైనే వుండే ఇంజన్లలో టైమింగ్ బెల్టో చెయినో విప్పి క్యామ్ తీయాలి. టైమింగ్ పిన్నులు లేని షెడ్డులో ఆ పనికి ఒప్పుకోవద్దు.

తీసిన లిఫ్టరు అడుగు చూడండి. ఇది ముఖ్యం. రోలరు లేని రకంలో అడుగు నున్నగా, కంటికి తెలియనంత ఉబ్బుగా వుండాలి. గుంటపడినా, పొక్కులు పడినా గుబ్బ కూడా అరిగివున్నట్లే. అరిగిన క్యామ్ మీద కొత్త లిఫ్టరు పెడితే కొద్ది రోజుల్లోనే అదీ పోతుంది. అప్పుడు క్యామ్ షాఫ్టు, లిఫ్టర్లు కలిపి మార్చాలి. ఖర్చు ఎక్కువే. కాని ఆ ఖర్చు ఒక్కసారే.

కొత్త లిఫ్టరును శుభ్రమైన ఇంజన్ ఆయిల్‌లో ముంచి, కంపెనీ చెప్పిన పద్ధతిలో గాలి తీసి, అడుగున క్యామ్ పేస్టు రాసి దించాలి. సందు సరిచేసే స్క్రూ వున్న ఇంజన్లలో వాల్వు పూర్తిగా మూసివున్న స్థితిలో సందు లేకుండా బిగించి, ఆపైన మాన్యువల్ చెప్పినంత మాత్రమే తిప్పాలి. బిగించిన వెంటనే సెల్ఫ్ కొట్టకూడదు. నూనె నిండిన కొత్త లిఫ్టర్లు పొడుగ్గా నిలిచి వాల్వులను తెరిచి వుంచుతాయి. ఆ స్థితిలో తిప్పితే వాల్వు పిస్టన్‌కు తగులుతుంది. అరగంటకు తక్కువ కాకుండా, మాన్యువల్ ఎక్కువ చెబితే అంతసేపూ ఆగి, క్రాంకు బోల్టుకు స్పానర్ పెట్టి చేతితో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఎక్కడైనా గట్టిగా తగిలితే అక్కడే ఆపాలి. సాయంకాలపు పాలకు బండి కావాలని తొందరపెట్టేది చాలావరకు సంఘమే. ఈ అరగంట మేస్త్రీకి ఇవ్వాలి. ఆ పూటకు ఇంకొక బండి మాట్లాడుకోవడం చవక.

కొత్త నూనె, కొత్త ఫిల్టరు తప్పనిసరి. పాత నూనెలో కొత్త లిఫ్టర్లు వేయడం మురికి క్యానులో మంచి పాలు పోసినట్లే. స్టార్టు చేసిన తరువాత కొన్ని నిమిషాలు చప్పుడు వుండవచ్చు. క్యామ్ కూడా మార్చి వుంటే, రోలరు లేని రకానికి మొదటి ఇరవై నిమిషాలు నిదానపు పరుగులో వదలకుండా సుమారు 2000 చుట్ల వద్ద నడపాలి.

వోచరుకు సామాను బిల్లు, పార్టు నంబరు, మార్చిన లిఫ్టర్ల సంఖ్య, నూనె పీడనం ఎంత వచ్చిందో షెడ్డువారి రాత జతపరచాలి. పాత లిఫ్టర్లు కాగితంలో చుట్టి, తేదీ వేసి తదుపరి పాలకవర్గ సమావేశం దాకా వుంచాలి. బండి అద్దెదైతే మరమ్మతు ఎవరిదో, దారిలో ఆగినందున పాలు విరిగితే నష్టం ఎవరిదో ఒప్పందపత్రంలో వుంటుంది. సొమ్ము చెల్లించే ముందు అది తీసి చదవండి. డ్రైవరు లాగ్ పుస్తకంలో నెల రోజులపాటు మూడు సంగతులు రాయించండి: ఉదయం స్టార్టు చేయగానే చప్పుడు ఎన్ని సెకన్లు వున్నది, నూనె మట్టం ఎంత, ఇంజన్ నడిచిన గంటలు ఎన్ని. సెకన్లు పెరుగుతూ వస్తుంటే, బండి ఆగేదాకా చూడకుండా ఆ పుస్తకం పట్టుకుని అదే షెడ్డుకు వెళ్ళవచ్చు.