పేరు మీది, ప్రాజెక్ట్ ఎవరిది?

ఈ ఎపిసోడ్ డిగ్రీ, బీటెక్, పీజీ ఫైనలియర్‌లో ఉన్నవాళ్ల కోసం.

సబ్మిషన్‌కి నాలుగు రోజులే టైముంది. సీనియర్ ఇచ్చిన పాత ప్రాజెక్ట్ పెన్‌డ్రైవ్‌లో రెడీగా ఉంది. బెజవాడలో కాలేజీ పక్కనున్న జిరాక్స్ షాపుకి వెళ్లి, మొదటి పేజీలో పేరు, రోల్ నంబర్ మార్పించి, స్పైరల్ బైండింగ్ చేయిస్తే అయిపోతుంది. "అందరూ చేసేదే కదా" అంటారు. నిజమే, చాలామంది చేస్తారు. మరి దీనివల్ల పోయేదేంటో చూద్దాం.

ముందు ప్లేజియరిజం అంటే ఏంటి? ఇంకొకరి మాటలు, ఆలోచనలు, లెక్కలు, బొమ్మలు ఎక్కడి నుంచి తీసుకున్నామో చెప్పకుండా మనవే అన్నట్టు పెట్టేయడం. తెలుగులో గ్రంథచౌర్యం అంటాం. తీసుకోవడం తప్పు కాదండి, చెప్పకపోవడమే తప్పు. పదాలు అటూ ఇటూ మార్చినా, ఇంగ్లిష్ వ్యాసాన్ని తెలుగు చేసినా, ఆలోచన వాళ్లదే. కాబట్టి పేరు చెప్పాల్సిందే.

థీసిస్, డిసర్టేషన్ల కోసం యూజీసీ 2018లో రూల్స్ పెట్టింది. పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఉంటే 6 నెలల్లోపు సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 40 దాటి 60 వరకు ఉంటే ఏడాది పాటు మళ్లీ ఇవ్వడానికే వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. డిగ్రీ చేతికొచ్చాక బయటపడినా, దాన్ని కొంతకాలం పక్కన పెట్టేస్తారు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. 10 శాతం అంటే అంతవరకు కాపీ కొట్టుకోమని పర్మిషన్ కాదు. సాఫ్ట్‌వేర్ చూసేది పదాల పోలికనే, దొంగతనాన్ని కాదు. మూలం చెప్పి కొటేషన్‌లో పెట్టిన మాటలు, రిఫరెన్సుల జాబితా ఈ లెక్కలోకి రావు.

పట్టుబడేది స్టూడెంట్లు మాత్రమే అనుకోకండి. 2008లో తిరుపతి శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ కెమిస్ట్రీ ప్రొఫెసర్ ఒకరు ప్రచురించిన దాదాపు 70 పరిశోధన పత్రాల్లో కాపీ, కల్పన ఉన్నాయని బయటపడింది. ప్రపంచమంతా వార్త అయింది. ఏళ్ల తరబడి అచ్చయినవి కూడా అలా దొరికిపోయాయి.

"మాది చిన్న బీటెక్ ప్రాజెక్టేగా" అంటారా? అదే ప్రాజెక్ట్ మీ రెజ్యూమెలో ఉంటుంది. ఇంటర్వ్యూలో "ఈ పద్ధతే ఎందుకు తీసుకున్నారు?" అని ఒక్క ప్రశ్న వేస్తే, సీనియర్ వచ్చి జవాబు చెప్పడు కదా. ఏఐతో రాయించినా ఇదే సమస్య. పైగా అది ఒక్కోసారి అసలు లేని పుస్తకాలను కూడా రిఫరెన్సులుగా ఇచ్చేస్తుంది.

మరి ఏం చేయాలి? చదివేటప్పుడే పుస్తకం పేరు, పేజీ నంబర్ ఫోన్‌లో నోట్ చేసుకోండి. తర్వాత అది మూసేసి, ఫ్రెండ్‌కి చెప్తున్నట్టు సొంత మాటల్లో రాయండి. చివర్లో మూలంతో పోల్చి చూసుకోండి.

ఇంకోటి, చిన్నదైనా మీ చుట్టూ ఉన్న విషయమే తీసుకోండి. బందరు కాలువలో నాలుగు చోట్ల నీళ్లు పట్టి పరీక్ష చేశారనుకోండి, ఆ అంకెలు ఇంటర్నెట్‌లో ఎక్కడా దొరకవు. అవి మీవే. వైవాలో ఎవరు ఏమడిగినా భయం ఉండదు.

సబ్మిషన్ దగ్గరపడ్డ ఫ్రెండ్ ఉంటే ఈ ఎపిసోడ్ పంపండి. మళ్లీ కలుద్దాం.