పునరుక్తి

ఒకసారి చెప్పిన దానినే కొత్త ప్రయోజనమేదీ లేకుండా తిరిగి చెప్పడాన్ని పునరుక్తి అంటారు. 'పునః' అనగా మరల, 'ఉక్తి' అనగా పలుకు; విసర్గ రేఫగా మారి 'పునరుక్తి' అయింది. అదే మాట తిరిగి వస్తే శబ్ద పునరుక్తి. మాట మారినా అదే భావం తిరిగి వస్తే అర్థ పునరుక్తి. ఆలంకారికులు దీనిని కావ్యదోషాలలో చేర్చారు.

అర్థ పునరుక్తి మనకు తెలియకుండానే రచనలో చొరబడుతుంది. పులిగడ్డ దిగువన కృష్ణానది పాయల నడుమ ఉన్న భూభాగం దివిసీమ. 'సీమ' అన్నా ప్రాంతమే కనుక 'దివిసీమ ప్రాంతం' అన్నప్పుడు ఒకే అర్థం రెండుసార్లు వచ్చింది. 'మచిలీపట్నం పట్టణం' కూడ అటువంటిదే. ఇవి పేర్లుగా స్థిరపడినవి కనుక క్షమింపదగినవి. శుభలేఖలలోని 'సకుటుంబ సమేతంగా' అన్న ప్రయోగానికి ఆ వెసులుబాటు లేదు. 'స' అన్నా, 'సమేతం' అన్నా 'కూడి' అనే అర్థం. 'సకుటుంబంగా' అన్నా చాలు, 'కుటుంబసమేతంగా' అన్నా చాలు.

నమిలిన దానినే నమలడం చర్వితచర్వణం. విసిరిన పిండినే మళ్ళీ తిరగలిలో పోయడం పిష్టపేషణం. 'వ్యాసంలో పునరుక్తి ఉంది' అనడం దోషాన్ని చూపడం. 'ఉపన్యాసమంతా చర్వితచర్వణం' అనడంలో శ్రోత విసుగు వినిపిస్తుంది. 'పాడిందే పాడరా పాచిపళ్ళ దాసరీ' అన్న సామెతలో ఆ విసుగు ఎత్తిపొడుపుగా మారింది.

అయితే తిరిగి వచ్చిన ప్రతి మాటా పునరుక్తి కాదు. 'ఊరూరా', 'అప్పుడప్పుడు' వంటి ద్విరుక్తాలలో రెండవ పదాన్ని తీసివేస్తే అర్థమే మారిపోతుంది. 'ఆపదలో ఆదుకొన్న మిత్రుడే మిత్రుడు' అన్నప్పుడు మొదటి పదానికి స్నేహితుడనీ, రెండవదానికి నిజమైన స్నేహితుడనీ తాత్పర్యం. ఇది లాటానుప్రాస, దోషం కాదు, అలంకారం.

దీనికి చక్కని నిదర్శనం కూచిపూడి నాట్యంలో ఉంది. ఆ గ్రామానికి సమీపంలోని మొవ్వ, క్షేత్రయ్య పదాలలోని మువ్వగోపాలుని నెలవు. ఆ పదాలను అభినయించేటప్పుడు గాయకులు ఒకే పాదాన్ని పలుమార్లు పాడతారు. నాయకుడు రాలేదన్నదే ఆ పాదంలోని భావమనుకొందాం. నర్తకి మొదటిసారి వాకిలి వైపు చూస్తుంది, రెండవసారి అలుగుతుంది, మూడవసారి, వస్తాడులెమ్మని తనకు తానే నచ్చజెప్పుకొంటుంది. వీటినే సంచారులంటారు. సాహిత్యం మారలేదు, అర్థం పెరిగింది. సంచారులెరుగని నర్తకి మూడుసార్లూ ఒకే హస్తం పడితే, పాటలో లేని పునరుక్తి ఆటలో వస్తుంది.