మిగిలినవి మూడే సినిమాలు

రెండేళ్ళ క్రితం నా ఉద్యోగం పోయింది. ఇంటర్వ్యూలో కాదన్నా, ఇంటికొచ్చి మా ఆవిడతో "వచ్చేవారం చెప్తామన్నారు" అనేవాణ్ణి. ఆ రోజుల్లోనే ఒక రాత్రి ‘హ్యుమానిటీ అండ్ పేపర్ బెలూన్స్’ అనే 1937 నాటి జపాన్ సినిమా చూశాను. అందులో కొలువు పోయిన సమురాయ్ ఒకడు, తన తండ్రి సాయంతో పైకొచ్చిన అధికారి చుట్టూ పనికోసం తిరుగుతాడు. ఆయన మొహం చాటేస్తాడు. ఇంట్లో కాగితపు బుడగలు చేసి నెట్టుకొస్తున్న భార్యకు మాత్రం ఆ సంగతి చెప్పడు. నన్నే చూసినట్టయింది.

దర్శకుడు సదావో యమనక. 1909లో క్యోటోలో పుట్టాడు. 1932లో మొదలుపెట్టి ఆరేళ్ళలోపే ఇరవైకి పైగా సినిమాలు తీశాడు. కత్తివీరుల కథల్లోకి అద్దెలు, అప్పులు, అబద్ధాలు తెచ్చాడు. ఈ సినిమా విడుదలైన రోజుల్లోనే సైన్యం నుంచి పిలుపొచ్చింది. ఇదే తన ఆఖరిదైతే బాధేనని రాసుకున్నాడు. అదే ఆఖరిదైంది. 1938లో చైనాలో జబ్బుచేసి, ఇరవై ఎనిమిదేళ్ళకే పోయాడు. నేడు పూర్తిగా దొరికేవి మూడే. అందుకే ఓజు, కురొసావా తెలిసినవాళ్ళక్కూడా ఈయన పేరు కొత్త.

ఇది విషాదాంతం. పిల్లలతో చూడాలంటే 1935 నాటి టాంగే సాజెన్ సినిమాతో మొదలుపెట్టండి. లక్షల విలువైన కుండకోసం ఊరంతా వెతుకుతుంటే, అందులో ఓ పిల్లాడు చేపలు పెంచుకుంటుంటాడు!

ఆ రాత్రి సినిమా అయ్యాక మా ఆవిణ్ణి లేపి నిజం చెప్పాను.

"తెలుసులెండి. మీరే చెప్తారని ఆగాను" అంది.