చక్కెర రక్తనాళము నెట్లు బిగించును?

పిల్లలారా! నాలుకకు తీయగా నుండు చక్కెర, మధుమేహమునందు వలె రక్తమున చిరకాలము మితిమీరి నిలిచినచో, రక్తనాళము లేల బిగియునో యెన్నడైన ఆలోచించితిరా?

నాళపు గోడలలో కండర కణములు కలవు. అవి ముడుచుకొన్న నాళము సన్నగిలును, సడలిన వెడల్పగును. సడలుడని వానికి కబురంపునది నైట్రిక్ ఆక్సైడను వాయువు. దానిని నాళపు లోపొరలోని యొక ప్రోటీను తయారుచేయును. ఆ ప్రోటీను చురుకుగా పనిచేయుటకు, దానిపై నిర్ణీతమైన యొక చోట ఫాస్ఫేటు వచ్చి యంటుకొనవలెను. చక్కెర హెచ్చినపుడు, దానినుండి పుట్టిన చిన్న తునక యా చోటు నాక్రమించును. గోడనున్న యొకే చిలకకొయ్యకు సంచి తగిలించియుండగా లాంతరు తగిలింప వీలగునా? ఫాస్ఫేటునకు తావుండదు, ప్రోటీను మందగించును, వాయువు తగ్గును, నాళము తగినంత సడలజాలదు.

అట్లని యీ తునకను శత్రువనరాదు. ప్రోటీనులపై ఇట్టి తునక లంటుకొను ఏర్పాటు 1984లో అమెరికాలో కనుగొనబడినది; అది ఆరోగ్యవంతుల కణములందును నిత్యము సాగుచుండును; తునకలను తగిలించుటకొకటి, తీయుటకొకటిగా రెండు ప్రోటీనులు పాటుపడుచుండును.

ఇట్లు చక్కెర తునకను తమపై అంటించుకొను ప్రోటీనులే కాక, చక్కెరను అంటించుకొనక కేవలము గుర్తించి పట్టుకొను ప్రోటీనులును కలవు. మనము వేయించుకొని తిను వేరుసెనగ గింజలోని యట్టి ప్రోటీను ఆకృతిని, బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌నందు విజయన్, సురోలియా గార్ల బృందము 1994లో లోకమునకు వెల్లడించినది.