రూపచిత్రాల్లో హుక్కా: అపోహలు – వాస్తవాలు

మొగలు, దక్కనీ రూపచిత్రాల్లోను, గీతలకు అక్కడక్కడ పలుచని రంగు అద్ది ముగించే ‘నీమ్ కలం’ రేఖాచిత్రాల్లోను హుక్కా గొట్టం చేతబట్టిన ప్రభువు కనిపించగానే అతడు భోగలాలసుడని, రాజ్యభారం పట్టనివాడని తీర్మానించడం పరిపాటి. ఈ తీర్పుకు ఆధారం చిత్రంలో లేదు. నవాబుల పతనాన్ని గురించి వలసపాలన కాలపు రచనలు స్థిరపరచిన అభిప్రాయంలో ఉంది. ఆస్థాన చిత్రకారుడికి ఖడ్గం, డేగ, చేతిలోని పువ్వు ఎటువంటివో హుక్కా కూడా అటువంటి హోదాచిహ్నమే. చిలుములో నిప్పు ఆరకుండా చూడడానికి ‘హుక్కాబర్దార్’ అనే ప్రత్యేక సేవకుణ్ణి పోషించగల స్తోమతను అది చాటుతుందే తప్ప, పట్టుకున్నవాడి శీలాన్ని గురించి ఏమీ చెప్పదు.

హుక్కా ప్రాచీన రాజభోగమన్నది మరొక అపోహ. పొగాకు అమెరికా ఖండాలకు చెందిన మొక్క. పోర్చుగీసుల ద్వారా దక్కనుకు చేరిన దానిని అక్బరు ఆస్థానికుడు అసద్ బేగ్ బీజాపూరులో చూసి, 1604–05 ప్రాంతంలో చక్రవర్తికి సమర్పించగా ఆస్థాన వైద్యులు అభ్యంతరం చెప్పారు. జహంగీరు 1617లో విధించిన నిషేధం నిలవలేదు. కాబట్టి పొగాకు రాకకు పూర్వపు రాజు ఎవరైనా హుక్కాతో కనిపిస్తే, ఆ చిత్రం తరువాతి కాలపు ఊహ అని నిస్సంకోచంగా చెప్పవచ్చు. నీరు పోసే అడుగుపాత్ర ఆకారం కూడా కాలనిర్ణయానికి ఉపకరిస్తుంది: 17వ శతాబ్దపు పాత్రలు గుండ్రంగా ఉండి కుదురుపై నిలుస్తాయి, చదునైన అడుగుతో గంట ఆకారంలో ఉండేవి 18వ శతాబ్దపు ఉత్తరార్ధం నుంచి ప్రబలాయి. జస్తు ప్రధానంగా ఉన్న మిశ్రలోహాన్ని నల్లబరచి వెండి పొదిగే బిదరీ పనికి ఈ పాత్రలే శ్రేష్ఠమైన నమూనాలు.

హుక్కా పట్టిన స్త్రీ నర్తకి అయి ఉంటుందనడం కూడా తొందరపాటే, ఎందుకంటే 18వ శతాబ్దపు చిత్రాల్లో అంతఃపుర స్త్రీలూ హుక్కా సేవిస్తూ కనిపిస్తారు. నిజానికి శంకించవలసింది ఆ ముఖాల పోలికను. ఎందుకంటే చిత్రకారుడికి అంతఃపురంలో ప్రవేశం అరుదు.

ఇక హుక్కా పట్టిన ఆంగ్లేయుడు తన మూలాలనే విడిచాడన్న భావన కొంతవరకే నిజం. 1760–64 మధ్య దీప్‌చంద్ గీసిన ఈస్టిండియా కంపెనీ అధికారి చిత్రం లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది; అందులోని వ్యక్తి వైద్యుడు విలియం ఫులర్టన్ అయి ఉండవచ్చునని పరిశోధకుల అభిప్రాయం. మొగలు ప్రభువులను చిత్రించే ఒరవడిలోనే అతణ్ణి తివాచీపై, సేవకుల నడుమ కూర్చోబెట్టడంలో కనిపించేది మూలాలను విడవడం కాదు, స్థానిక అధికారవర్గంలో సమాన స్థానం కోరే ప్రయత్నం. ఆ అవసరం తీరిన తరువాతి తరం అధికారులు హుక్కాను వదలి చుట్టకు మారారు.