చుక్క ఉన్న ప్రశ్న, చుక్క లేని ప్రశ్న

పార్లమెంటు సమావేశాలు జరిగే రోజుల్లో, ఉదయం పదకొండు గంటలకు లోక్‌సభలో మొదలయ్యే మొదటి గంట ప్రశ్నలది. ఆ గంటలో ఎంతటి మంత్రిగారైనా లేచి నిలబడి, ఎవరో ఒక మెంబరు అడిగినదానికి సమాధానం చెప్పుకోవలసిందే. మన ఇళ్ళలో ఆ గంటసేపూ టెలివిజన్ ముందు కూర్చునేవాళ్ళు బహు తక్కువ. కేకలూ వాయిదాలూ ఉంటే తప్ప, మర్నాడు కాఫీల దగ్గర ఆ ప్రసక్తి రాదు. నాకు మాత్రం కొంతకాలంగా ఆ జవాబులు చదివే అలవాటు పట్టుకున్నది. అవి రహస్యమేమీ కాదు. పార్లమెంటు వెబ్‌సైటులో ఎవరైనా చదువుకోవచ్చు. రాజమండ్రిలో కూర్చుని చదువుతూ ఉంటే తెలిసివచ్చినదేమిటంటే, మన ముసలివాళ్ళ చేతికి వచ్చే డబ్బు గురించీ, కూలీనాలీ చేసుకునేవాళ్ళ గురించీ, సముద్రం కోసేస్తున్న ఊళ్ళ గురించీ ఢిల్లీలో ప్రశ్నలు పడుతూనే ఉన్నాయి. జవాబులూ వస్తూనే ఉన్నాయి. ఆ రెంటికీ మధ్య ఎంత దూరం ఉన్నదో చూడాలి.

ముందు ఈ చుక్కల సంగతి చెప్పాలి. ప్రశ్నలు రెండు జాతులు. నెత్తిన చుక్క గుర్తు పెట్టిన ప్రశ్నకు మంత్రిగారు సభలో నోటితో జవాబు చెప్పాలి. చెప్పిన తరవాత దాని మీద అప్పటికప్పుడు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. చుక్క లేని ప్రశ్నకు కాగితం మీద జవాబు వస్తుంది, అంతే. లోక్‌సభలో రోజుకు చుక్క ఉన్నవి 20, లేనివి 230. ఏ సభ్యుడి ప్రశ్న ముందు రావాలో చీటీలు వేసి తేలుస్తారు. పదిహేను రోజుల ముందు నోటీసు ఇచ్చుకోవాలి. ఇంత చేసినా ఆ 20లో సభలో నోటితో జవాబు దొరికేవి నాలుగో అయిదో. తతిమ్మావన్నీ కాగితాల్లో కలిసిపోతాయి. అంచేత చీటీలో పేరు రావటం, వచ్చాక గంట కొట్టేలోపల వంతు రావటం, ఇవన్నీ కలిసిరావాలంటే మెంబరుగారి జాతకం బాగుండాలి.

ఈ హక్కు ఊరికే రాలేదు. 1892 చట్టం వచ్చేదాకా శాసనసభల్లో ప్రభుత్వాన్ని ప్రశ్న అడిగే అధికారమే మనవాళ్ళకు లేదు. అడిగే వీలు వచ్చిన ఆ తొలి రోజుల్లోనే, 1890ల్లో, మన రాజమండ్రి ప్లీడరు న్యాపతి సుబ్బారావు పంతులుగారు మద్రాసు శాసనసభలో కూర్చున్నారు. అయితే అప్పట్లో ఒక్కసారి అడగటమే. జవాబు ఎంత వంకరగా ఉన్నా మళ్ళీ నోరెత్తరాదు. అనుబంధ ప్రశ్న 1909 తరవాత గాని రాలేదు. తెల్లదొరలకు కూడా అసలు భయం రెండో ప్రశ్న అంటేనే కాబోలు!

మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నాడు. పంచదార మిల్లులో పనిచేశాడు. 1996లో పర్మినెంటు అయ్యాడు, 2008లో యాభై ఎనిమిది నిండి దిగిపోయాడు. ఫించను లెక్కకు ఆయన జీతం 5,000 అని కట్టారు. ప్రావిడెంటు ఫండు వారి సూత్రం చిన్నదే: జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో హెచ్చవేసి 70 పెట్టి భాగించాలి. 5,000ను 12తో హెచ్చవేసి 70తో భాగిస్తే 857 రూపాయల చిల్లర. నెలకు అదీ ఆయన ఫించను. 2014 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం కనీస ఫించను 1,000 అని నిర్ణయించింది గనుక, 857 కాస్తా వెయ్యి అయింది. ఆ తరవాత బియ్యం ధర కదిలింది, మందుల ధర కదిలింది, వెయ్యి మాత్రం కదలలేదు.

ఈ ఫించను పథకం 1995 నవంబరు 16న మొదలైంది. యజమాని జీతంలో 8.33 శాతం, ప్రభుత్వం 1.16 శాతం వేస్తాయి. కనీసాన్ని 7,500 చేయమని ఫించనుదార్లు ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. ఉభయ సభల్లోనూ దీని మీద వచ్చినన్ని ప్రశ్నలు మరో ఫించను మీద వచ్చి ఉండవు. పార్టీల తేడా లేదు. అధికార పక్షం వాళ్ళూ అడిగారు, ప్రతిపక్షం వాళ్ళూ అడిగారు. కార్మిక శాఖ జవాబు ఇంచుమించు ఒక్కటే: నిధిలో భవిష్యత్తు చెల్లింపులకు లోటు కనబడుతున్నది, వెయ్యి ఇవ్వటానికే బడ్జెటు నుంచి సాయం అందుతున్నది, 2018 నాటి ఉన్నతస్థాయి కమిటీ రెండువేలు చేయమన్నది గాని ఆర్థిక శాఖ ఒప్పుకోలేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. రెండువేలు ఇమ్మని ప్రభుత్వం వేసిన కమిటీయే చెప్పిందనీ, అడ్డుకున్నది ఏ శాఖో, మా పెద్దాయనకు ఎలా తెలిసింది? ఎవరో మెంబరు అడిగారు గనుక తెలిసింది. ప్రశ్న వల్ల రూపాయి పెరగకపోవచ్చు. కాని ఏ గుమ్మం ముందు నిలబడాలో తెలుస్తుంది. అంతకుముందే, 2013లో, భగత్ సింగ్ కోషియారీగారి అధ్యక్షతన రాజ్యసభ అర్జీల కమిటీ కనీసం మూడువేలు ఇవ్వమని సిఫారసు చేసింది. ఆ కమిటీ ముందుకు విషయం వచ్చింది ఎవరో పౌరులు పెట్టుకున్న అర్జీ మీద. మన బోటివాళ్ళు కూడా పార్లమెంటుకు నేరుగా అర్జీ పెట్టుకోవచ్చునని ఎందరికి తెలుసు?

మిల్లు ఫించను కూడా లేనివాళ్ళ మాటో? ప్రతినెలా మొదటి తారీకున సచివాలయం ఉద్యోగి ఇంటికి వచ్చి ఇచ్చే వృద్ధాప్య ఫించను ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి 4,000 అయింది. ఇందులో ఢిల్లీది ఎంత అని మా వీధి అరుగు మీద పందెం వేస్తే, ఒకాయన సగం అన్నాడు, ఇంకొకాయన పావు అన్నాడు. అసలు సంగతి: కేంద్రం వృద్ధాప్య ఫించను 1995 ఆగస్టు 15న నెలకు 75 రూపాయలతో పుట్టింది. 2006లో 200 అయింది. 2011లో ఎనభై దాటినవారికి 500 చేశారు, వయస్సు అరవైకి తగ్గించారు. 2025 వచ్చినా ఎనభై లోపువారికి అదే 200. అదైనా కేంద్రం లెక్కలోకి వచ్చిన పేదవారికే. గ్రామీణాభివృద్ధి మీద వేసిన పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని పెంచమని ఒకటికి పదిసార్లు చెప్పింది. అందులో ఉన్నది అన్ని పార్టీల మెంబర్లే! నాలుగువేలలో రెండు వందలు అనేసరికి మా అరుగు మీద చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

రైలు సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుచేతనంటే అది అందరికీ తెలిసిన గాయమే. అరవై దాటిన మగవాళ్ళకు 40 శాతం, యాభై ఎనిమిది దాటిన ఆడవాళ్ళకు 50 శాతం టిక్కెట్టులో తగ్గింపు ఉండేది. కోవిడ్ రోజుల్లో, 2020 మార్చి 20న, అది తీసేశారు. తిరిగి ఇస్తారా అని అడిగినప్పుడల్లా రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్‌గారి సమాధానం, అసలు ప్రతి ప్రయాణికుడికీ రాయితీ ఇస్తూనే ఉన్నాం అని. తాతగారి టిక్కెట్టు గురించి అడిగితే ఊరందరి టిక్కెట్టు గురించి చెప్పారన్నమాట. కనీసం స్లీపరుకూ, ఏసీ మూడో తరగతికీ పునరుద్ధరించే విషయం చూడమని రైల్వే స్థాయీ సంఘం చెప్పి చూసింది.

కూలివాళ్ళ మీద పడిన ప్రశ్నల్లో నేను మరిచిపోలేనిది ఒకటున్నది. 2020 సెప్టెంబరులో సభ కూడినప్పుడు కోవిడ్ కారణం చెప్పి ప్రశ్నల గంట ఎత్తేశారు. చుక్క లేని ప్రశ్నలకు మాత్రం కాగితం మీద జవాబులు వచ్చాయి. లాక్‌డౌన్‌లో నడిచి ఇళ్ళకు పోతూ ఎందరు వలస కూలీలు చనిపోయారు అని అడిగితే, అటువంటి లెక్క లేదని కార్మిక శాఖ రాసి ఇచ్చింది. ఒక్క వాక్యం! చుక్క లేని ప్రశ్నకు వచ్చిన ఆ వాక్యం మర్నాడు దేశమంతటా పత్రికల మొదటి పేజీకి ఎక్కింది. మరుసటి సంవత్సరం అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చెయ్యమని సుప్రీంకోర్టు గడువు పెట్టింది. 2021 ఆగస్టులో ఈ-శ్రమ్ తెరిచారు. అదంతా ఆ ప్రశ్న వల్లనే జరిగిందని నేననను. కాని లెక్క లేదన్నది కూడా జవాబేనని, ఒక్కొక్కప్పుడు అంకెకంటె బరువైన జవాబని, ఆనాడు తెలిసింది.

మన నరసాపురం లేసు పని చేసే ఆడవాళ్ళ సంగతి ఇటువంటిదే. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. కాని అల్లిన మనిషికి యజమాని ఎవరు? దారం ఇచ్చే ఏజెంటా, పైన ఎగుమతి చేసే వర్తకుడా? యజమాని తేలనిదే ప్రావిడెంటు ఫండు లేదు. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు వీళ్ళ మీద 1982లో పుస్తకమే ప్రచురించింది. వీళ్ళను పనివాళ్ళుగా గాక ఊరికే ఇంట్లో కూర్చునే గృహిణులుగా లెక్కవేస్తున్నారన్నదే ఆమె వాదం. 2019లో కేంద్రం అసంఘటిత కార్మికులకు అరవై దాటాక నెలకు 3,000 వచ్చే ఫించను పెట్టింది. చేరటానికి వయస్సు 18 నుంచి 40. ముప్ఫై ఏళ్ళుగా అల్లి అల్లి కళ్ళు మసకబారిన మనిషికి నలభై ఎప్పుడో దాటిపోయింది. నాలుగు కార్మిక స్మృతులు 2025 నవంబరు 21న అమలులోకి వచ్చాయి గదా, వాటి కింద నరసాపురం లేసు మనిషికి యజమాని ఎవరో చెప్పగలరా అని ఒక్క సభ్యుడు లేచి అడిగితే వినాలని ఉన్నది. కార్మిక మంత్రి కుర్చీలో ఒకప్పుడు మన తెలుగువాడు వి. వి. గిరిగారు కూర్చున్నారు, బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వం మార్చిందని 1954లో ఆ కుర్చీ వదులుకుని వచ్చేశారు.

ఇక సముద్రం. ఉప్పాడ అంటే జాందానీ చీర గుర్తుకు వస్తుంది మన ఆడవాళ్ళకు. ఆ ఊరి పాతవాళ్ళను అడిగితే, ఒకప్పటి ఇళ్ళూ గుళ్ళూ ఎక్కడ ఉండేవో నీళ్ళలోకి చెయ్యి చూపిస్తారు. తుపాను వచ్చినప్పుడల్లా కాకినాడ నుంచి పోయే బీచి రోడ్డు తెగుతుంది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం వైపున తీరం దాటింది. సముద్రం పెరగటం ఒక కారణమైతే, గోదావరి మీద కట్టిన ఆనకట్టల వెనక ఒండ్రు నిలిచిపోవటం ఇంకొకటి. డెల్టాను కట్టింది ఒండ్రే. అది రాకపోతే సముద్రానిదే పై చెయ్యి. ఇది ఆంధ్ర విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు ఇరవై ఏళ్ళ కిందటే చెప్పారు.

దీని మీద ప్రశ్న వేస్తే ఎవరు జవాబు చెబుతారు? భూవిజ్ఞాన శాఖను అడిగితే కొలతలు ఇస్తుంది: 1990 నుంచి 2018 వరకు చూస్తే దేశపు తీరంలో 33.6 శాతం, ఆంధ్ర తీరంలో 28.7 శాతం కోతకు గురైందని. గోడ కట్టండి అంటే, అది జలశక్తి వారిని అడగమంటారు. కోత నివారణ రాష్ట్రాల పని, మేము సలహా సాయమూ కొంత డబ్బు సాయమూ చేస్తామని జలశక్తి వారు అంటారు. ఇళ్ళు పోయినవాళ్ళ మాట అడిగితే హోంశాఖ. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు కోత నివారణకు 1,500 కోట్లు, నిరాశ్రయులను వేరేచోట కుదుర్చటానికి 1,000 కోట్లు దేశమంతటికీ కేటాయించింది. అందులో ఉప్పాడకు ఎంత ఇచ్చారు అన్న పొడి ప్రశ్న, వాతావరణ మార్పు మీద గంటసేపు చేసిన ఉపన్యాసం కంటె నాకు విలువైనదిగా కనబడుతుంది.

అడిగేవాళ్ళు ఎవరన్నదీ చూడాలి. నరసాపురం నుంచి 2024లో గెలిచిన భూపతిరాజు శ్రీనివాసవర్మగారు సహాయమంత్రి అయ్యారు. మనకు గౌరవమే. కాని మంత్రులు జవాబు చెప్పే వైపు వాళ్ళు, ప్రశ్నలు వేయరు. కోనసీమ బిడ్డ జి. ఎం. సి. బాలయోగిగారు 1998 నుంచి 2002లో మరణించేదాకా స్పీకరుగా ఆ ప్రశ్నల గంటను నడిపారు, నడిపేవాడూ అడగడు. కనుక మన వైపు పెద్ద పదవులు వచ్చినప్పుడల్లా ప్రశ్నల లెక్కలో ఒకటి తగ్గుతుందన్నమాట. తక్కిన లోక్‌సభ సభ్యులూ, రాజ్యసభలో ఉన్నవాళ్ళూ ఆ లోటు పూడ్చుకోవాలి.

మా పెద్దాయనకు ఇదంతా చెబితే, ఒక సభ్యుడికి ఉత్తరం రాస్తానన్నాడు. ఎవరికో చెప్పను. నోటీసుకు పదిహేను రోజులు కావాలి గనుక సమావేశాలకు నెల ముందే అందేటట్టు పంపమన్నాను. నాలుగు పేజీలు రాసుకొచ్చాడు. మిల్లు మూతపడిన కథ దగ్గరనుంచి కోడలి మోకాళ్ళ నొప్పుల దాకా ఉన్నవి. ఇద్దరం కూర్చుని కొట్టేసుకుంటూ పోగా చివరికి మూడు వాక్యాలు మిగిలాయి. 2014 సెప్టెంబరులో కనీస ఫించను 1,000 అని ఏ లెక్క మీద నిర్ణయించారు? అదే లెక్క ఇవాళ వేస్తే ఎంత వస్తుంది? వేయకపోతే, వేయకూడదని ఏ శాఖ చెప్పింది?

కవరు అంటించే ముందు ఆయన నన్ను అడిగాడు, “దీనికి చుక్క పెట్టమని కూడా రాయమంటారా?” అని.